రెండు చేతుల రక్తం

"నీకు దేవుడు ప్రత్యక్షమైనా ముందు ఆధార్ కార్డు అడుగుతవు" అని మా ఆయన నన్ను వెక్కిరిస్తుంటాడు. అందులో పెద్దగా అబద్ధం లేదు. నేను సర్కారు బడిలో టీచర్ని. పరీక్ష హాళ్లలో నిలబడి నిలబడి, మనిషి మొహం కంటే ముందు చేతులు చూడటం అలవాటైపోయింది. చీటీ దాచిన పిల్లవాడు అందరిలాగే తల గోక్కుంటాడు, కిటికీలోంచి చూస్తాడు, నీళ్లు అడుగుతాడు. చీటీని కప్పిన చెయ్యి మాత్రం కదపడు. నేను ఆ కదలని చెయ్యి కోసమే వెతుకుతాను.

ఇంట్లోనూ అదే బుద్ధి. పాలు వాసన చూడందే పొయ్యి మీద పెట్టను. మందుల షాపులో డబ్బా వెనక్కి తిప్పి చదవందే సంచిలో వేసుకోను. "బయల్దేరిన అక్కా, తొవ్వల ఉన్న" అని ఎవరైనా ఫోన్లో అంటే, వెనకాల వాళ్లింటి టీవీ మోగుతుందేమోనని చెవి పెట్టి వింటాను. ఇలాంటి దానికి ఆసుపత్రికి పోవాల్సి వస్తే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

మా పుట్టిల్లు బోధన్ దగ్గర ఒక ఊరు. ఒకప్పుడు ఊరంతా చెరుకే. ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో మా ఇంటి ముందు నుంచి చెరుకు బండ్లు బారులు తీరి పోయేవి. వెనకనుంచి గడలు గుంజుకుని తినడం మా చిన్నప్పటి పని. చెరుకు పోయాక బాపు, తమ్ముడు కొంత వరికి, కొంత పసుపుకు మళ్లారు. నేను నిజామాబాద్‌లో ఉంటాను. మా వైపు కన్నతల్లిని అవ్వ అంటాం, తండ్రిని బాపు అంటాం. మా అవ్వకు షుగర్ ఉంది, వయసు మీద పడింది, అయినా పసుపు తవ్వకాలు మొదలైతే ఆమెను ఇంట్లో కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాదు. కూలోళ్ల మధ్య కూర్చుని కొమ్ములు విరుస్తూనే ఉంటుంది.

ఆ పని రోజుల్లోనే ఒక ఉదయం తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, అవ్వ ఎట్లనో సేస్తుంది. నిన్నటి సంది బువ్వ తింటలేదు. చెరుకు బండి ఫ్యాక్టరీ నుంచి ఇంక రాలేదా అని అడుగుతుంది."

మా ఇంట్లో చెరుకూ, బండీ, ఎడ్లూ లేక ఎన్నో ఏళ్లయింది.

"జరం ఉన్నదా?"

"లేదక్కా. ఒళ్లు సల్లగనే ఉన్నది. ఊళ్లె డాక్టర్ వచ్చి సూసిండు. ముసలితనం, నీరసం అన్నడు."

ఊళ్లో డాక్టర్ అంటే సూది వేసే ఆర్ఎంపీ. ఆయన మీద నాకు ఎప్పుడూ నమ్మకం లేదు కాబట్టి ఆ మాట పక్కన పెట్టాను. అవ్వకు ఫోన్ ఇవ్వమన్నాను. ఆమె గొంతు ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టు వినిపించింది. కానీ మాట మాత్రం ఎప్పటిదే.

"నాకేం గాలె బిడ్డా."

మా అవ్వ ఈ మాట ఎన్నిసార్లు అందో! పాము మీద కాలు వేసిన రోజూ అంది, గడప తట్టుకుని పడి పన్ను ఊడిన రోజూ అంది. లోకంలో అందరి మాటనూ తిరగేసి చూసే నేను, ఈ ఒక్క మాటను మాత్రం ఎప్పుడూ తిరగేయలేదు. కన్నతల్లి కదా.

తమ్ముడు కారు మాట్లాడుకుని మధ్యాహ్నంకల్లా తీసుకొచ్చాడు. నిజామాబాద్‌లో ఆసుపత్రులన్నీ పక్కపక్కనే ఉండే వీధులున్నాయి. ఒక బోర్డు మీద ఇంకో బోర్డు, డాక్టర్ల పేర్ల పక్కన డిగ్రీలు, కింద ల్యాబ్, దాని పక్కన మందుల షాపు. ఆ వీధిలోకి మలుపు తిరగగానే నా లోపల కాపలా కుక్క లేచి కూర్చుంది. వీళ్లు అవసరం లేని పరీక్షలు రాస్తారు, రాయనీ, నేను చూసుకుంటా అనుకున్నాను.

డాక్టర్ చిన్న వయసు అమ్మాయి. అవ్వ పక్కన నిలబడి కాసేపు ఏమీ చేయకుండా ఆమె ఛాతీ వైపే చూసింది. ఊపిరి లెక్కపెడుతోందని నాకు తర్వాత తెలిసింది. బీపీ చూసి, వేళ్ల కొసలు నొక్కి చూసి, "మాట ఎప్పటి నుంచి తేడాగా ఉంది?" అని అడిగింది. తమ్ముడు చెప్పాడు. వెంటనే రక్తం తీయమని నర్సుకు పురమాయించింది. నర్సు తెచ్చిన ట్రేలో ఎర్ర మూతల గొట్టాలు, ఊదా మూతల గొట్టాలు, అవి చాలవన్నట్టు అడుగున ఏదో ద్రవం ఉన్న చిన్న సీసాలు.

"ఇన్ని ఎందుకు మేడం?" అన్నాను.

"ఒంట్లో ఎక్కడో ఇన్‌ఫెక్షన్ ఉందని నా అనుమానం."

"జరం లేదు కదా."

"పెద్దవాళ్లకు జరం రావాలని రూల్ లేదు మేడం. ఒక్కోసారి ఒళ్లు ఇంకా చల్లబడ్తది. అవ్వ చెరుకు బండి గురించి అడిగింది చూడండి, అదే ఆమె జరం అనుకోండి."

మాట బాగుంది. బాగున్న మాటలంటే నాకు ఇంకా అనుమానం. ఈలోగా నర్సు అవ్వ కుడిచేతి నుంచి రక్తం తీసి సీసాల్లో నింపి, చుట్టూ తిరిగొచ్చి ఎడమచేయి పట్టుకుంది. నేను అడ్డం నిలబడ్డాను.

"ఒక చేతిలో తీశారుగా! రెండోది ఎందుకు?"

నర్సు డాక్టర్ వైపు చూసింది. డాక్టర్ కోపగించుకోలేదు. "ఈ సీసాల్లో రక్తం వేసి పెడితే, అందులో క్రిమి ఉంటే పెరుగుతది. కానీ సూది గుచ్చినప్పుడు చర్మం మీద ఉండేది ఏదైనా లోపలికి పోయి, అది కూడా పెరగొచ్చు. అందుకే రెండు చోట్ల విడివిడిగా తీస్తం. రెండింట్ల ఒకటే వస్తే నమ్ముతం. ఒక్కదాంట్లనే వస్తే అనుమానిస్తం" అంది.

నేను పక్కకు తప్పుకున్నాను. పరీక్షలో ఇద్దరి జవాబులు ఒకేలా ఉంటే నేను చేసేదీ అదే. ఒకణ్ని వరండాలో, ఇంకొకణ్ని స్టాఫ్ రూములో నిలబెట్టి విడివిడిగా అడుగుతాను. నాలాగే నమ్మకం తక్కువ మనిషి ఇంకొకరు ఈ ఊళ్లో ఉన్నారని కొంచెం ధైర్యం వచ్చింది.

రక్తం తీయడం అయిన వెంటనే, ఫలితాల కోసం ఆగకుండా యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. కాసేపటికి మొదటి రిపోర్టులు వచ్చాయి. డాక్టర్ మమ్మల్ని పక్కకు పిలిచి చెప్పింది. తెల్లకణాలు బాగా పెరిగాయి. ల్యాక్టేట్ అనేది ఎక్కువగా ఉంది, అంటే ఒంట్లో అవయవాలకు అందాల్సినంత రక్తం అందడం లేదు. కిడ్నీ మీద అప్పుడే దెబ్బ కనిపిస్తోంది. "దీన్ని సెప్సిస్ అంటం. ఎక్కడో ఒక చోట చీము పట్టింది. దానితోటి కొట్లాడబోయి ఒళ్లు తనను తానే పాడు చేసుకుంటుంది. ఈ వయసుల ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు" అంది.

తమ్ముడు గోడకు ఆనుకున్నాడు. నేను మాత్రం ఆ ఎక్కడో అన్న మాట పట్టుకున్నాను.

"ఎక్కడ?"

"అదే వెతుకుతున్నం."

వెతికారు. మూత్రం చూశారు, బాగానే ఉంది. ఛాతీకి ఎక్స్‌రే తీశారు, న్యుమోనియా లేదు. కడుపుకు స్కానింగ్ చేశారు, ఏమీ లేదు. వీపు మీద పుండ్లున్నాయేమో చూశారు. అరికాళ్లు చూడబోయి డాక్టర్ ఆగింది. "కాళ్లేంటి ఇట్లున్నయి?" అంది. చీలమండల దాకా పచ్చగా, మట్టి కలిసిన పచ్చగా ఉన్నాయి.

"పసుపు పని మేడం. ఈ రోజుల్లో మా ఊళ్లో ఎవరి కాళ్లు చూసినా ఇంతే. సబ్బుకు పోదు" అని నేనే చెప్పాను, ఊరి సంగతి తెలియని మనిషికి చెప్పినట్టు. ఆమె అరికాళ్లు తడిమి, పిక్కలు నొక్కి చూసింది. అవ్వ ఒక కాలు మీద ఇంకో కాలు వేసుకుని "నాకేం గాలె" అని గొణిగింది. అంతలో బీపీ పడిపోతోందని మిషన్ మోగింది. అందరూ అటు తిరిగారు.

జ్వరం లేదు, దెబ్బ లేదు, ఎక్స్‌రేలో లేదు, స్కానింగులో లేదు. ఉన్నదల్లా రక్తం రిపోర్టులో. మరి రిపోర్టే తప్పయితే? నర్సును అడిగి మళ్లీ కొంచెం రక్తం తీయించి తమ్ముడి చేత ఇంకో ల్యాబుకు పంపాను. అక్కడా తెల్లకణాలు అట్లాగే వచ్చాయి. అప్పుడు కూడా నా మనసు ఊరుకోలేదు. రెండు ల్యాబులూ ఒకే వీధిలో ఉన్నాయి, ఇద్దరూ ఒకే హోటల్లో ఛాయ్ తాగేవాళ్లే కదా అనుకున్నాను. మా ఆయనతో ఫోన్లో ఆ మాటే అంటే, "అయితే హైదరాబాద్ పంపు. అక్కడోళ్లు వేరే ఛాయ్ తాగుతరు" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. భయమేసింది. అనుమానించడానికి ఇంకెవరూ మిగలకపోతే నిజం ఒప్పుకోవాల్సి వస్తుందని భయం.

సాయంత్రం ల్యాక్టేట్ మళ్లీ చేశారు. ఒకసారి చేసింది మళ్లీ ఎందుకని అడిగాను. "మొదటిది ఆమె ఎక్కడుందో చెప్పింది. రెండోది ఎటు పోతుందో చెప్తది" అంది డాక్టర్. సెలైన్లు, మందులు పోతున్నా అది తగ్గాల్సినంత తగ్గలేదు. "చీమున్న చోటు దొరకకపోతే మందు ఒక్కటే పని చేయదు మేడం. మీరు కూడా ఆలోచించండి. ఎక్కడన్న దెబ్బ తగిలిందా, ముల్లు గుచ్చిందా?"

మాకు తెలిసి ఏమీ తగల్లేదన్నాడు తమ్ముడు. అవ్వను అడిగితే జవాబు మీకు తెలుసు.

అప్పుడే బాపు వచ్చాడు. పొయ్యి మీద ఉడుకుతున్న పసుపును ఎవరికో అప్పజెప్పి బోధన్‌లో బస్సెక్కి వచ్చాడు. అంతకు ముందు ఏడాదే ఆయన గుండెలో స్టెంట్ వేశారు. కంగారు పడతాడని మేము సంగతి సగమే చెప్పాం. మంచం దగ్గరికి వచ్చి, చోటు చూసుకుని, అవ్వ కాళ్ల వైపున అంచు మీద కూర్చున్నాడు.

నేను ఎదురుగా నిలబడి ఉన్నాను. అవ్వ కళ్లు మూసుకునే ఉంది. చెయ్యి దుప్పటి పీకుతోంది, తల అటూ ఇటూ దొర్లుతోంది, పెదవులు ఏదో అంటున్నాయి. బాపు కూర్చోగానే అవ్వ ఎడమ కాలు కొంచెం జరిగి, కుడికాలి వేళ్ల మీదికి ఎక్కి, అక్కడే ఆగిపోయింది. ఒళ్లంతా కదులుతోంది. ఆ కాలు కదలడం లేదు.

ఆసుపత్రికి వచ్చినప్పటి నుంచీ అది అట్లాగే ఉంది. డాక్టర్ చూసినప్పుడూ అంతే, నర్సు దుప్పటి సర్దినప్పుడూ అంతే. ఆ వీధిలో ల్యాబుల్ని, డాక్టర్లను, మిషన్లను అందరినీ అనుమానించాను. చీటీ మా అవ్వ దగ్గరుంది.

దుప్పటి తీసి ఎడమ కాలు పక్కకు జరిపాను. మతిలేని మనిషికి అంత బలం ఎక్కడిదో, మళ్లీ మీదికే తెచ్చింది. బాపు ఆ కాలు పట్టుకున్నాడు. కుడికాలి రెండో వేలికి వెండి మట్టెలు, పెళ్లినాటివి, లావువి. ఒళ్లు తగ్గి మట్టెలు వదులైతే మా వైపు ఆడవాళ్లు జారిపోకుండా వాటికి దారం చుట్టుకుంటారు. అవ్వా చుట్టుకుంది. ఆ దారం మీద పసుపు, మట్టి, మళ్లీ పసుపు పేరుకుని పెంకులాగా గట్టిపడింది. పక్కనుంచి చూస్తే వేలు కూడా అందులో భాగమే అనిపిస్తుంది. తడిగుడ్డతో నానబెట్టి దారం కొస లాగాను. వాసన వచ్చింది. లోపల వేలు ఉబ్బి నల్లబడి ఉంది.

తర్వాతెప్పుడో అవ్వే చెప్పింది. పసుపు దుబ్బులు తవ్వేటప్పుడు మోడు గుచ్చుకుందట. షుగర్‌తో కాళ్లు మొద్దుబారాయి కాబట్టి నొప్పి తెలియలేదు. వేలు ఉబ్బుతుంటే చూసి, ఎవరికైనా చెబితే మట్టెలు తీయమంటారని పసుపు అద్ది, మీద ఇంకో వరస దారం చుట్టింది. అందరి కాళ్లూ పచ్చగా ఉండే రోజుల్లో ఒక పచ్చటి వేలిని ఎవరు చూస్తారు?

డాక్టర్ వచ్చి వేలిని అన్ని వైపుల నుంచీ చూసింది. "మట్టెలు ఊడి రావు. కోయాలె. ఇప్పుడే" అంది.

కోయాలె అన్న మాట చెరుకు బండ్లు వెతుక్కుంటున్న మా అవ్వకు ఎలా వినబడిందో! కళ్లు తెరిచింది.

"వద్దు బిడ్డా. మీ బాపు బతికుండంగ మట్టెలు కోస్తరా? పోయినేడే ఆయనకు గుండె పట్టుకున్నది. వద్దు. నా కాలు తీసేయుండ్రి, మట్టెలు వద్దు."

నాకు ముందు కోపం వచ్చింది. ఇంత పని చేస్తావా అని అరవబోయాను. ఆ తర్వాత ఏడుపు ముంచుకొచ్చింది. ఆమె తన వేలిని దాచలేదు, మా బాపును దాచుకుంది. ఇంత చీమునూ, ఇంత విషాన్నీ ఆయన ప్రాణానికి అడ్డం పెట్టుకుని ఏమీ కానట్టు కొమ్ములు విరుచుకుంటూ కూర్చుంది.

బాపు తక్కువ మాటల మనిషి. మంచం చుట్టూ తిరిగి ఆమెకు మొహం కనబడేట్టు వంగాడు.

"ఏమే, ఇటు సూడు. నేను ఈడనే ఉన్న. వాళ్లు కోసేదాంక నన్నే సూడు. నాకేమన్న అయితే ముందుగాల నీకే కనబడ్తది. అప్పుడు వద్దను, ఆపుతరు."

ఆమె చూసింది. చిన్న చక్రం ఉన్న పనిముట్టుతో డాక్టర్ వెండిని కోస్తున్నంత సేపూ అవ్వ ఆయన మొహాన్నే రెప్ప వాల్చకుండా, మోసం ఎక్కడ జరుగుతుందోనన్నట్టు చూసింది. నా చూపు నాకు ఎవరి నుంచి వచ్చిందో ఆ రోజు తెలిసింది. బాపు కూడా కదలలేదు. దగ్గు వచ్చినట్టుంది, గొంతు ఆడింది, మింగేశాడు. మట్టెలు ముక్కలై ట్రేలో పడ్డ చప్పుడు అయింది. అయినా ఆయన అట్లాగే వంగి ఉన్నాడు, నడుము నొప్పి పెట్టేదాకా.

వేలు తీసేయాల్సి వచ్చింది. చీము పోయాక ల్యాక్టేట్ దిగింది. బీపీ నిలబడింది. కిడ్నీ మెల్లగా దారికొచ్చింది. సీసాల్లో పెట్టిన రక్తంలో క్రిమి పెరిగింది. కుడిచేతి దాంట్లో ఏది వచ్చిందో ఎడమచేతి దాంట్లోనూ అదే వచ్చింది, వేలిలోని చీములోనూ అదే. దానికి తగ్గట్టు మందు మార్చారు. ఒక పొద్దున అవ్వ నన్ను చూసి, "బడికి పోలేదా?" అని గదిమింది. నేను బాత్రూములోకి పోయి తలుపు వేసుకుని ఏడ్చాను. అప్పుడు మాత్రం ఏ పరీక్షా అడగలేదు.

ఇంటికి పోయాక కంసాలి దగ్గర మట్టెలు అతికించుకుని పక్క వేలికి పెట్టుకుంది. దారం మాత్రం నేను చుట్టనివ్వలేదు. కానీ ఆమె మనసు అతకలేదు. బాపు పగలు ఎక్కువ సేపు పడుకుంటే వంటింట్లో గిన్నె పడేస్తుంది. ఆయన దగ్గితే చెయ్యి తుడుచుకోకుండానే బయటికి వస్తుంది. ఆయన మెట్లెక్కుతుంటే వెనక నిలబడి ఊపిరి వింటుంది. మా తమ్ముడు నవ్వుతాడు, "అక్కా, నువ్వు ఇంట్ల లేని లోటు తీరింది" అంటాడు. నేను పోయినప్పుడల్లా రక్తం రెండు చేతుల్లో ఎందుకు తీశారో మళ్లీ మళ్లీ చెప్పించుకుంటుంది. కథ వినే పిల్లలాగా, తర్వాత ఏం జరుగుతుందో తెలిసి కూడా వింటుంది.

ఈ మధ్య ఆమెను చూపించడానికి డాక్టర్ దగ్గరికి తెచ్చినప్పుడు, బాపును కూడా వెంటబెట్టుకు వచ్చింది.

"ఆయనకు గా రక్తపరీక్ష సేపియ్యి బిడ్డా."

"బాపుకు ఏం గాలేదు గద అవ్వా."

"నాకు గూడ ఏం గాలేదన్న గద."

బాపు పక్కనుంచి, "నాకేం గాలె" అన్నాడు. అవ్వ ఆయన వైపు చూసిన చూపుకు ఆయన నోరు మూసుకున్నాడు. గుండె మందులు వాడే మనిషికి ఎలాగూ మామూలు పరీక్షలు చేయించే వేళయింది, చేయించండి అంది డాక్టర్ నవ్వుతూ.

ల్యాబులో బాపు కుర్చీలో కూర్చున్నాడు. అవ్వ ఎదురుగా, చేతికర్ర మీద రెండు చేతులూ ఆన్చి నిలబడింది. నర్సు బాపు కుడిచేతికి రబ్బరు పట్టీ కట్టి, రక్తం తీసి, దూది పెట్టి, అయిపోయింది లెమ్మంది.

"ఏంది, అయిపోయిందా?" అంది అవ్వ. "ఒక్క చేతి మాట ఎట్ల నమ్ముతరు? గా చేతిల గూడ తీయి."

నర్సు నా వైపు చూసింది. ఈ పరీక్షకు ఒక చెయ్యి చాలని నాకు తెలుసు. అదే చెప్పబోయాను. అంతలో బాపు ఎవరి మొహమూ చూడకుండా ఎడమ చొక్కా చెయ్యి మోచేతి దాకా మడిచి, ముందుకు చాపాడు.